వస్తుందన్న వాక్యం

జనవరి 11

మామయ్యకీ అత్తయ్యకీ,

ఉత్తరం అందింది. అత్తయ్య అంచులో ఇరికించి రాసిన నాలుగు ముక్కలూ ముందు చదివి, తరవాత నీది చదివాను మామయ్యా. ఏమీ అనుకోకు, అదలా అలవాటైపోయింది. జుట్టు కత్తిరించుకుంటే ఊరుకోనని రాసింది. కత్తిరించేసుకున్నాను. ఈ కబురు ఆవిడ కుట్టుమిషను ముందున్నప్పుడు కాకుండా, చేతిలో కత్తెర లేనప్పుడు చూసి నువ్వే మెల్లగా చెప్పు.

నా గది ఈ వృద్ధుల హోములో బట్టలుతికే గదికి సరిగ్గా పైన. పగలంతా కిందనుంచి ఆవిరి వస్తుంది, కిటికీ అద్దం ఎప్పుడూ మసకే. అరవైమంది ముసలివాళ్ళ బట్టలు మడతపెట్టి, కాలరు మీద గది నంబరు చూసి ఎవరివి వాళ్ళకి చేర్చడం, స్నానాలు, మందులు, మాటలు. మాటల దగ్గరే నాకు తిప్పలు.

కొత్తగా ఒకావిడ చేరింది. జీవితమంతా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని బళ్ళ రాకపోకలు చెప్పిందట. నేను అనౌన్సరమ్మ అంటాను. గొంతు ఇప్పటికీ గంటలా ఉంటుంది. మొన్న నాతో, వాళ్ళాయన మంగళవారం వస్తాడని చెప్పింది. నేను రోజువారీ రిపోర్టులో “హి విల్ కమ్ ఆన్ ట్యూజ్‌డే” అని రాశాను. మా హోము పెద్ద సిస్టరు పడీపడీ నవ్వింది. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయిందట. నేను సిగ్గుతో కొట్టేస్తుంటే అనౌన్సరమ్మ పక్కనుంచి చూసి, “విల్ కమ్ కాదమ్మాయ్, ఈజ్ కమింగ్” అని దిద్దింది. ఇంగ్లీషు మాస్టారివి కదా, తేడా ఏమిటి మామయ్యా? మేలో నాకు భాష పరీక్ష ఉంది. అందులో ఈ రాబోయే కాలం గురించే బోలెడు ప్రశ్నలుంటాయట.

ఇంకో సంగతి. హోమువాళ్ళు ఈ దేశంలోనే ఇంకో రెండేళ్ళు ఉండమన్నారు, సరేనన్నాను. అత్తయ్యా, నీకు కోపం వస్తుందని తెలుసు. అమ్మ పోయాక నాకున్నది మీరిద్దరేనని నాకూ తెలుసు. ఫోను చేసి చెబుదామంటే నువ్వు ఏడుస్తావు, మామయ్యకి సగం వినపడదు, మిగతా సగం ఆయనే ఊహించుకుంటాడు. అందుకే రాస్తున్నాను. తిట్టాలనుంటే అంచు సరిపోదు, వేరే కాగితం తీసుకో.

మీ పిచ్చుక

ఫిబ్రవరి 2

పిచ్చుకకు,

జవాబు ఆలస్యమైంది. నది పొంగి లాంచీలు ఆపేశారు. ఊళ్ళో ఎవరికీ ఏ పనీ సవ్యంగా సాగడం లేదు. పక్కింటి మెకానిక్కు నాకు అన్నం తెచ్చిపెడుతున్నాడు, మంచివాడు.

నీ ప్రశ్నకి వస్తాను. ఇంగ్లీషులో రేపటి కోసం క్రియకి సొంత రూపమంటూ లేదు. ఉన్నవాటినే సర్దుకుంటారు. ‘విల్’ అంటే మాట్లాడేవాడి నమ్మకం, లేదా అప్పటికప్పుడు చేసుకున్న నిర్ణయం. ‘వాడు పాసవుతాడు’ అంటావు చూడు, అదీ. ‘గోయింగ్ టు’ వాడాలంటే మనసులో ముందే అనుకుని ఉండాలి, లేదా కంటికి ఆధారం కనిపించాలి. మబ్బు కమ్మింది, చుక్క పడబోతోంది. మూడోది మామూలు వర్తమానం. బండి ఆరింటికి వస్తుంది. నీ ఇష్టంతోనూ నా ఇష్టంతోనూ దానికి పనిలేదు, పట్టికలో ఉంది కాబట్టి వస్తుంది.

ఇక ‘ఈజ్ కమింగ్’. ఇది ఒక్కరు అనుకుంటే చెల్లదు. వచ్చే మనిషి వస్తానని ఉండాలి, ఎదురుచూసే మనిషి సరేనని ఉండాలి. ఇద్దరి మధ్య మాట అయిపోయిందన్నమాట.

మీ పెద్ద సిస్టరు నవ్వడం నాకేం నచ్చలేదు. వాళ్ళిద్దరూ ఏమనుకున్నారో ఆవిడకేం తెలుసు? ఆ తల్లితో వాదించకు. వస్తున్నారంటే అవునను. పక్కన ఒక కుర్చీ వెయ్యి. నీ సొమ్మేం పోయింది?

మీ అత్త మిషను దగ్గరి కిటికీ నేను మూయను. స్కూళ్ళు వదిలే వేళకి వస్తుంది, చెప్పులు విడిచి నేరుగా అక్కడే కూచుంటుంది. నీ జుట్టు సంగతి వింటే అరుస్తుంది. రెండేళ్ళ సంగతి వింటే రెండు రోజులు మాట్లాడదు, మూడో రోజు నీకు కోటు కుట్టడం మొదలుపెడుతుంది.

పరీక్షకి నేనొక దారి చెబుతాను. నా ఉత్తరాన్ని ఇంగ్లీషులోకి మార్చి పంపు. దిద్ది పంపిస్తాను.

మామయ్య

ఫిబ్రవరి 24

మామయ్యకీ, అలిగిన అత్తయ్యకీ,

అంచు ఖాళీగా ఉంది. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను, కవరు కూడా చింపి చూశాను. ఒక్క ముక్క లేదు. అంత కోపమా అత్తయ్యా? తిడితే పడతాను గానీ ఇలా మాట్లాడకుండా ఉంటే నాకు తిండి దిగడం లేదు. సంతకు వెళ్ళినప్పుడు నీకొక శాలువా కొన్నాను, నీలం రంగుది. పొద్దున్నే మిషను మీద కూర్చున్నప్పుడు భుజాలు లాగుతాయంటావు కదా. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను.

మామయ్యా, నువ్వు చెప్పినట్టే చేశాను. మంగళవారం అనౌన్సరమ్మ పక్కన కుర్చీ వేసి, “అవునమ్మా, వస్తున్నారు” అన్నాను. ఆవిడ ముఖం చూడాలి నువ్వు! గబగబా దువ్వెన అడిగింది, బూడిదరంగు గౌను తీసేసి పువ్వుల గౌను వేయించుకుంది. సాయంత్రం దాకా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వలేదు. భోజనాలప్పుడు కుర్చీ తీస్తుంటే, “ఈ వారం ఆలస్యంగా నడుస్తున్నారు” అంది, బండి గురించి చెప్పినట్టు. అయినా ఆ పూట బాగా తిని హాయిగా పడుకుంది. నీ మాట బాగానే పనిచేసింది.

నీ ఉత్తరం ఇంగ్లీషులోకి మార్చడం మొదలుపెట్టాను. మెకానిక్కు వరకు బాగానే వచ్చింది. అత్తయ్య దగ్గర ఆగిపోయాను. “స్కూళ్ళు వదిలే వేళకి వస్తుంది” అన్నావు. రోజూ వస్తుందనా, ఇకముందు వస్తుందనా? మనకి రెంటికీ ఒకటే మాట. ఇంగ్లీషులో మాత్రం ఏదో ఒకటి తేల్చుకోవాలట. ‘కమ్స్’ రాయనా, ‘విల్ కమ్’ రాయనా?

పిచ్చుక

మార్చి 15

పిచ్చుకకు,

శాలువా భద్రంగా చేరింది. మంచి రంగు. మీ అత్తకి నప్పుతుంది. విప్పి మిషను మీద పరిచాను, వచ్చి కప్పుకుంటుంది. నీ మీద కోపం పెట్టుకునే మనిషి కాదు. ఈ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళు నమ్ము.

నువ్వడిగిన చోట సందర్భాన్ని బట్టి ఏదైనా రాసుకోవచ్చు. పరీక్షలో అలాంటివి రావు, వదిలెయ్.

నేను కొన్నాళ్ళుగా క్లాసులకి వెళ్ళడం లేదు. కంగారు పడకు. జరిగింది చెబుతాను. మా సంస్థలో పెద్దవాళ్ళకి చెప్పే పాఠం కదా. బస్సు డ్రైవరూ, మందులషాపు ఆయనా, ఇద్దరు కుట్టుపని అమ్మాయిలూ ముందు వరసలో కూచుంటారు. ‘గోయింగ్ టు’ పాఠానికి పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. పక్కకి ఒరిగిన పడవ, అంచు దాటుతున్న నీళ్ళు. కింద వాక్యం నింపాలి. ఇన్నేళ్ళూ ఆ పేజీ చెబుతూనే ఉన్నాను, ఏ రోజూ ఏమీ అనిపించలేదు. ఆ రోజు డ్రైవరు లేచి, “ద బోట్ ఈజ్ గోయింగ్ టు సింక్, కరెక్టేనా మాస్టారూ?” అని అడిగాడు. కరెక్టే. ఒక్క తప్పు లేదు. నేను పుస్తకం మూసి బయటికి వచ్చేశాను. వరండాలో ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. డ్రైవరే వచ్చి, “తప్పైపోయింది మాస్టారూ, నాకు తట్టలేదు” అన్నాడు. పాపం, వాడి తప్పేముంది? ప్రిన్సిపాలు కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోమన్నారు.

అనౌన్సరమ్మకి ప్రతి మంగళవారం కుర్చీ వేస్తున్నావా? వెయ్యి. వేసే ఉంచు.

మామయ్య

ఏప్రిల్ 6

మామయ్యా,

నీ మాట విన్నందుకు ఏం జరిగిందో చూడు. మొన్న మంగళవారం అనౌన్సరమ్మ కుర్చీలో కూర్చుని ఎదురుచూడలేదు. నేను పైన దుప్పట్లు మారుస్తుంటే, పల్చటి గౌనుతోనే గేటు దాటి బస్టాపు దాకా వెళ్ళింది. ఆయన్ని ఎదురెళ్ళి తీసుకురావాలట. మెట్టు తప్పి పడింది. తుంటి ఎముక విరిగింది. చల్లటి రోడ్డు మీద ఎంతసేపు పడి ఉందో పాపం, పాలబండి అతను చూసి కేక వేశాడు.

పెద్ద సిస్టరు నన్ను గదిలోకి పిలిచింది. “ఆయన వస్తున్నాడని ఆవిడతో ఎవరన్నారు?” అంది. నేనే అన్నాను. ఎందుకన్నావంటే, మా మామయ్య చెప్పాడని చెప్పలేకపోయాను. ఉద్యోగం ఉంచారు గానీ, ఆ అంతస్తు నుంచి నన్ను తీసేశారు.

ఆసుపత్రిలో ఆవిడ పక్కన కూర్చుని ఒకటే ఆలోచించాను. ఆవిడెవరో నీకు తెలియదు. ఎన్నడూ చూడలేదు. పోయినాయన వస్తాడని చెప్పమని నన్నెందుకంతగా బతిమాలావు? నువ్వు అబద్ధమాడితే చెవి మెలిపెట్టే మనిషివి కదా.

గదికి వచ్చి నీ ఉత్తరాలు రెండూ తీసి మంచం మీద పరిచాను. మెకానిక్కు అన్నం తెచ్చాడు. డ్రైవరు లేచాడు. ప్రిన్సిపాలు విశ్రాంతి తీసుకోమన్నారు. అందరూ ఏదో ఒకటి చేశారు. అత్తయ్య ఒక్కతే ఏమీ చెయ్యలేదు. వస్తుంది, కూచుంటుంది, అరుస్తుంది, కప్పుకుంటుంది. వచ్చింది అని లేదు. అంది అని లేదు. శాలువా చూసి ఏమందో లేదు. ఆవిడ ఇంట్లో ఉంటే మెకానిక్కు నీకు అన్నం తేవడమేమిటి?

మామయ్యా, తెలుగులో రాయకు. అందులో దాక్కోవడానికి నీకు చోటుంది. ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాయి చాలు. అత్తయ్య ఎక్కడుంది?

ఏప్రిల్ 27

నా తల్లీ,

నువ్వడిగిన వాక్యం కోసం చాలా కాగితాలు పాడుచేశాను. చివరికి తెలుగులోనే రాస్తున్నాను, ఈసారి దాక్కోకుండా.

జనవరిలో మీ అత్త అవతలి ఒడ్డున స్కూలుకి యూనిఫారాలు ఇచ్చిరావడానికి వెళ్ళింది. తిరిగొచ్చే లాంచీ నది మధ్యలో ఒరిగిపోయింది. ఎక్కినవాళ్ళలో చాలామంది ఒడ్డుకి చేరారు. కొందరు తరవాత దొరికారు. మీ అత్తా, ఇంకొకాయనా దొరకలేదు. ఎంత వెతికించినా దొరకలేదు. నీ ఉత్తరం ఆ తరవాత వచ్చింది. రెండేళ్ళ సంగతి ఆవిడకి తెలియనే తెలియదమ్మా. నీ మీద కోపం లేదన్నది అందుకే. నువ్వు తిండి దిగడం లేదని రాసినప్పుడు చెప్పేద్దామని కలం పట్టుకున్నాను. ‘మునిగింది’ అని రాయాలి కదా. కలం కింద పెట్టేశాను.

ఆ రోజు నేను పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. ఆవిడ గుమ్మంలో చెప్పులేసుకుంటూ “వస్తా” అంది. నేను తలెత్తలేదు. “ఊఁ” అన్నాను.

మనలో వెళ్ళేవాళ్ళెవరూ వెళ్తున్నా అనరు. వస్తా అంటారు. అన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఎన్ని వేలసార్లు విన్నానో. అది ఊరికే అనే మాటా, ఇచ్చిన మాటా అని ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు రోజంతా అదే పని. ‘గోయింగ్ టు’ అందామంటే నది వైపు చూస్తాను, ఆధారమేదీ కనిపించదు. పట్టిక ప్రకారం అందామంటే లాంచీలు మళ్ళీ నడుస్తున్నాయి, నాలుగింటిది నాలుగింటికే వస్తుంది. రోజూ రేవుకి వెళ్ళి మెట్ల మీద నిలబడతాను. అందరూ దిగుతారు. ‘విల్’ అందామంటే అది నా ఒక్కడి కోరిక. కానీ ఆవిడ వస్తా అంది. నేను ఊఁ అన్నాను. ఇద్దరి మధ్య మాట అయిపోయినట్టే కదా? షి ఈజ్ కమింగ్ అని రాస్తే నన్ను తప్పుపట్టేవాడెవడు?

మీ అనౌన్సరమ్మ నాకు ముందే తెలుసన్నట్టు అనిపించింది. అందుకే కుర్చీ వేయమన్నాను. ఆవిడ తుంటి విరగ్గొట్టింది నేను.

ఇంకొకటి చెబుతాను, ఎవరితోనూ అనకు. నాకు చెవులు సరిగా వినపడవు కదా. మిషను చప్పుడు కూడా వినపడదు. కానీ మధ్యాహ్నం పూట ఏదైనా చదువుకుంటుంటే, వెనకాల అది ఆగడం వినిపిస్తుంది. అప్పటిదాకా నడుస్తున్నది ఎవరో ఏదో చెబుదామని ఆపినట్టు. తిరిగి చూస్తాను. శాలువా అలాగే ఉంటుంది.

మామయ్య

మే 15

మామయ్యా,

నీ ఉత్తరం బట్టల గదిలో చదివాను. మిషన్లన్నీ తిరుగుతున్నాయి కాబట్టి నా ఏడుపు ఎవరికీ వినపడలేదు. నిన్ను తిడుతూ ఒకటి రాశాను, చింపేశాను. నాలుగు నెలలు నువ్వొక్కడివే ఆ ఇంట్లో ఎలా ఉన్నావు? నేనిక్కడ శాలువాలు కొంటూ, అలిగిందనుకుంటూ ఉన్నాను. నన్ను ఏడవనిచ్చి ఉంటే బాగుండేది. ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం.

అనౌన్సరమ్మ చక్రాల కుర్చీలో తిరిగొచ్చింది. నన్ను ఆ అంతస్తుకి రానివ్వకపోయినా ఆవిడే కబురు పెట్టింది. క్షమించమని అడగడానికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే, “ఆయన వచ్చారమ్మాయ్” అంది. “బస్టాపు దాకా వచ్చారు. పడింది నేను. అందుకే ఇంటిదాకా రాలేకపోయాం.” ఇక మంగళవారాలు కుర్చీ వేయొద్దంది. కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టమంటే కూర్చోబెట్టి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే నా వెనక ఇంకెవరో దిగుతున్నట్టే ఉంది, కిందిదాకా తిరిగి చూడలేదు.

పరీక్ష రాయలేదు. సెలవు ఇచ్చారు. జూన్ నెలాఖరుకి ఇంటికొస్తున్నాను. టికెట్టు నా చేతిలో ఉంది.

ఒక్క మాట అడుగుతాను. రోజూ ఈ ఒడ్డున నిలబడుతున్నావు. అత్తయ్యని చివరగా చూసినవాళ్ళు ఆ ఒడ్డున ఉన్నారు కదా, ఆ స్కూల్లో. ఆ రోజు ఆవిడ ఏం మాట్లాడింది, ఏం తింది, నవ్విందా లేదా, నాకు తెలుసుకోవాలని ఉంది. నేను వచ్చేదాకా ఆగకు. నది దాటి వెళ్ళు మామయ్యా. భయమేస్తే మెకానిక్కుని తోడు తీసుకెళ్ళు.

నీ పిచ్చుక

జూన్ 4

పిచ్చుకకు,

వెళ్ళాను. మెకానిక్కు వస్తానన్నా వద్దన్నాను. లాంచీ నడిపే అతను నన్ను చూసి టికెట్టు అడగలేదు. బలవంతంగా తీసుకున్నాను. నది మధ్యకి వచ్చాక ఇంజను వేగం తగ్గించాడు. నా కోసం తగ్గించాడో, అక్కడ అందరికీ తగ్గిస్తాడో అడగలేదు. నీళ్ళు మామూలుగా ఉన్నాయి. అంత మామూలుగా ఉంటాయనుకోలేదు. కళ్ళు తిప్పుకోలేదు.

స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్ నన్ను చూడగానే లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ మా ఇంటికి రావాలనుకుని, ధైర్యం చాలక ఆగిపోయిందట. నువ్వు అడిగినవన్నీ అడిగాను. మీ అత్త ఆ రోజు రెండు కప్పుల టీ తాగింది. కొత్త కాలరు కాగితం అట్టలా ఉందని గుడ్డలషాపు వాణ్ణి తిట్టింది. నిన్ను గురించి చెప్పింది, జుట్టు కత్తిరించుకునే ఉంటుంది దొంగపిల్ల అని నవ్విందట. నువ్వు రాయకముందే తెలుసు ఆవిడకి.

ఒరిగినదానికి ముందు లాంచీకే బయలుదేరిందట. గేటు దగ్గర ఒక పిల్ల చెయ్యెత్తి టాటా చెబుతుంటే చంక దగ్గర గుడ్డ పట్టేయడం కనిపించింది. “ఇలా రావే” అని వెనక్కి వచ్చి, వరండాలో కూర్చుని, కుట్లు విప్పి మళ్ళీ వేసింది. ఆ లాంచీ వెళ్ళిపోయింది. “ఆపమని నేనైనా అనాల్సింది మాస్టారూ” అని హెడ్‌మిస్ట్రెస్ ఏడ్చింది. “మీరంటే ఆగే మనిషి కాదమ్మా” అన్నాను. నిజమే కదా, నేనంటే ఆగిందా ఎప్పుడైనా?

ఆ పిల్లని చూపించింది. అదే వరండాలో వాళ్ళమ్మ ఆ పిల్ల గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పిల్ల పొడుగైందట, గౌను మోకాలు దాటి పైకొచ్చేసిందట. ఆవిడ బ్లేడుతో అడుగు అంచు కుట్లు ఒక్కొక్కటీ తెంపుతోంది. మీ అత్త స్కూలు బట్టలకి ఎప్పుడూ మడత ఎక్కువ వదిలేది, ఎదిగే పిల్లలని. గుడ్డ దండగని నేను వేళాకోళం చేసేవాణ్ణి. దారం తెగి మడత జారింది. మిగతా గౌనంతా ఉతికి ఉతికి వెలిసిపోయింది గానీ, మడత లోపలి గుడ్డకి ఎండే తగల్లేదు. మొన్న షాపులో కొన్నట్టు ముదురు నీలంగా ఉంది. నేనలా చూస్తూ నిలబడిపోయాను. ఆ తల్లి నేనెవరో తెలియక, అంచు తిప్పి చూపించింది. “లోపల ఇంకో మడత కూడా ఉందండీ, వచ్చే ఏటికి.”

నేను దాన్ని వేలితో ముట్టుకుని చూశాను. కుట్లు చిన్నవిగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఆవిడ చేతివే.

నాలుగింటి లాంచీలో తిరిగొచ్చాను. మన ఒడ్డు దగ్గర పడుతుంటే రేవు మెట్లు కనిపించాయి. రోజూ నేను నిలబడే మెట్టు లాంచీలోంచి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో అప్పటిదాకా నాకు తెలియదు. మెట్టు ఖాళీగా ఉంది. లాంచీ ఆగేదాకా దాన్నే చూస్తూ కూర్చున్నాను. తరవాత అందరితోపాటు దిగాను.

మామయ్య